అద్దాలు తీసేసిన దర్జీ

2003 జూన్‌లో నాగర్‌కర్నూల్ నుంచి ఆత్మకూరు ప్రభుత్వ దవాఖానకు నాకు బదిలీ అయింది. హోదా ఆఫ్తాల్మిక్ ఆఫీసర్. పేరు వినడానికి ఘనంగా ఉంటుంది గాని మేము డాక్టర్లం కాము. చూపు పరీక్షించి అద్దాల నంబరు రాయడం, శుక్లాలు ఉన్నవాళ్లను గుర్తించి ఆపరేషన్‌కు సర్జన్ దగ్గరికి పంపడం, బడుల్లోనూ ఊళ్లలోనూ కంటి శిబిరాలు నడపడం మా పని. కత్తి పట్టే అధికారం మాకు లేదు. జనానికి ఈ తేడాలతో పనిలేదు, అందరూ ‘కండ్ల డాక్టరమ్మ’ అనేవాళ్లు. మొదట్లో కనిపించిన ప్రతివాళ్లకూ సరిచెప్పేదాన్ని. కొన్నాళ్లకు విసుగొచ్చి మానేశాను.

నా గది చిన్నది. చూపు పరీక్షకు రోగికీ అక్షరాల చార్టుకూ మధ్య ఆరు మీటర్ల దూరం ఉండాలి. అంత పొడవు లేని గదుల్లో చార్టును రోగి తల వెనక గోడకు తగిలించి, ఎదురుగోడకు పెద్ద అద్దం పెడతాం. అద్దంలో కనిపించే చార్టు రెట్టింపు దూరంలో ఉన్నట్టే లెక్క. అందుకని ఆ చార్టు మీద అక్షరాలు తిరగేసి అచ్చువేసి ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు వెనక్కి తిరిగి చూసి, ఇదేం భాష మేడం అని అడిగేవాళ్లు.

బుడాన్ సాబ్ నా దగ్గరికి వచ్చింది ఆ వానాకాలంలోనే. బజారులో ఒంటి మిషను మీద కుట్టే దర్జీ. అరవై అయిదు దాటిన మనిషి, నెరిసిన గడ్డం, మెడలో ఎప్పుడూ కొలత టేపు. జుబ్బాలు, లాల్చీలు, పైజామాలు ఆయన చేతివి వేసుకుంటే వేరే వాళ్ల చేతివి నచ్చవనేవాళ్లు. రంజాన్ వస్తే వాళ్ల గల్లీలో మగవాళ్లందరి పండుగ బట్టలూ ఆయనే కుట్టాలి. కళ్లు మండుతున్నాయని వచ్చాడు. దూరపు చూపు బాగుంది. దగ్గరి పనికి మాత్రం ప్లస్ మూడు నంబరు అద్దాలు కావాలి, అవి ఆయన దగ్గర ఉన్నాయి. కంట్లో తడి తక్కువైంది, అంతే. తడి కోసం వాడే మామూలు చుక్కల సీసా ఒకటి ఇచ్చి పంపాను.

మరుసటి ఏడు ఎండలు ముదిరే వేళకు మళ్లీ వచ్చాడు. ఈసారి ముక్కు మీద అద్దాలు లేవు. వరుసలో కూర్చున్నవాళ్లందరి ముందు జేబులోంచి సూదీ దారమూ తీసి, ఒక్క ఊపులో దారం ఎక్కించి నా బల్ల మీద పెట్టాడు.

“ఇరవై ఏండ్ల సంది అద్దాలు లేంది సూది మొహం జూడలే మేడం. మీ చుక్కలు ఏసిన సంది చూపు తిరిగొచ్చింది. ఈ కండ్లు నావి గావు, మీరిచ్చినయి.”

వరుసలో ఉన్నవాళ్లు నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. నాకు పొంగిపోవాలనిపించలేదు. ఆ చుక్కల్లో నీళ్లకంటే కాస్త జిగట తప్ప ఏమీ లేదని నాకు తెలుసు. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి అద్దంలో చార్టు చూడమన్నాను. పై మూడు వరుసల తర్వాత ఆగిపోయాడు. దాన్ని మేము ఆరు బై ఇరవైనాలుగు అని రాస్తాం, అంటే మంచి చూపున్న మనిషి ఇరవైనాలుగు మీటర్ల నుంచి చదివేదాన్ని ఈయన ఆరు మీటర్లకు వస్తే తప్ప చదవలేడు. మైనస్ అద్దం పెడితే ఇంకో రెండు వరుసలు చదివాడు. రెటినోస్కోపుతో కంట్లోకి వెలుగు వేసి చూశాను. మామూలుగా కంటిపాప నిండా ఎర్రటి వెలుగు తిరిగొస్తుంది. ఆయన పాప నడుమ నీళ్ల మీద నూనె చుక్క తేలినట్టు ఇంకో గుండ్రటి ఆకారం కనిపించింది. అది చూశాక అనుమానమేమీ మిగల్లేదు.

ఇక్కడ కంటి కటకం గురించి కొంచెం చెప్పాలి. కళ్లజోడు అద్దం ఎక్కడ విరిచి చూసినా ఒకే గాజు. వెలుగు దాని ముందు ముఖం దగ్గర ఒకసారి, వెనక ముఖం దగ్గర ఒకసారి వంగుతుంది. మధ్యలో తిన్నగా పోతుంది. కంటిలోని కటకం అలా కాదు, ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా ఉంటుంది. బయటి పొరల్లో నీరెక్కువ, లోపలికి పోయేకొద్దీ మాంసకృత్తులు చిక్కబడతాయి. చిక్కటి చోట వెలుగు మెల్లగా నడుస్తుంది. ఎడ్లబండికి ఒక చక్రం గట్టి నేల మీద, ఒక చక్రం ఇసుకలో పడితే బండి ఇసుకవైపు తిరుగుతుంది. కిరణం కూడా చిక్కదనం వైపు అలాగే తిరుగుతుంది. పొరపొరకూ కొంచెం కొంచెం వంగుతూ పోయి కంటి వెనక తెర మీద ఒకచోట చేరుతుంది. అంత చిన్న కటకానికి అంత బలం ఈ ఏర్పాటు వల్లే. చేపల పులుసులో కంటి దగ్గర తెల్లటి గోలీ దొరుకుతుంది చూడండి, అదీ ఇలాంటి కటకమే. ఈ పద్ధతిని చూసే, నడుమ ఒక రకం, అంచున ఒక రకం ఉండే సన్నటి గాజుకడ్డీలు చేశారు. వాటి రెండు చివరలూ చదునుగా ఉన్నా వెలుగును ఒకచోటికి చేరుస్తాయి. ఫోటోకాపీ మిషన్లలో అలాంటివి వరుసగా పేర్చి ఉంటాయని శిక్షణలో చెప్పారు.

వయసు మీదపడేకొద్దీ కటకానికి కొత్త పొరలు చేరి, పాతవి నడిమికి నొక్కుకుపోతాయి. కొందరిలో ఆ నడిమి గింజ మరీ చిక్కబడుతుంది. చిక్కబడితే వెలుగు ఎక్కువ వంగుతుంది. కటకం బలం పెరిగి, దగ్గరి వస్తువులు అద్దాలు లేకుండానే కనిపిస్తాయి. దూరం మసకబారుతుంది. పాత వైద్య పుస్తకాల్లో దీన్ని ‘రెండో చూపు’ అంటారు. వచ్చినవాళ్లకు అది వరంలా ఉంటుంది. నిజానికి అది శుక్లానికి తొలిమెట్టు.

ఈ సంగతంతా ఆయనకు అప్పుడే చెప్పాను. మందు మహిమ కాదనీ, ఇంకా ఆపరేషన్ అవసరం రాలేదనీ, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలనీ చెప్పాను. ఆయన నవ్వి, “మీరు పెద్ద మనసు తోని గట్లంటరు” అని సూది జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ పరీక్షకు రాలేదు. అద్దాలు లేకుండా కుడుతున్నవాడికి దవాఖానతో పనేముంటుంది?

ఊరు మాత్రం ఆ మాట పట్టుకుంది. బస్టాండు పక్కన మందుల దుకాణంలో ఆ చుక్కలను ‘మేడం చుక్కలు’ అని అడిగి కొంటున్నారని తెలిసి, వెళ్లి దుకాణదారు మీద అరిచాను. “నష్టమేం లేదు గద మేడం” అన్నాడు. నష్టం లేనిమాట నిజమే, లాభం కూడా లేదు. ఆ నెలలో బడి ఆవరణలో కంటి శిబిరం పెడితే, యువకుల సంఘం వాళ్లు వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. బుడాన్ సాబ్ ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. మైకు అందుకుని, ఇందులో నా గొప్పేమీ లేదు, ఆయన కటకం చిక్కబడింది, ఇది శుక్లం మొదలవడమే అని ఉన్నదున్నట్టు చెప్పాను. అణకువ గల మనిషినని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఇంటికి పోయే దారిలో ఆ శాలువాను సంచీ అడుగున కుక్కాను. చేయని పనికి పేరు రావడం ఎంత సిగ్గో అంతకుముందు నాకు తెలియదు.

ఆ ఏడు రంజాన్ పండుగ నవంబరులో వచ్చింది. బుడాన్ సాబ్ కబురు మీద కబురు పంపితే మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య చాంద్‌బీ గిన్నెలో షీర్ ఖుర్మా తెచ్చి చేతికిచ్చింది. పొద్దున ఈద్గా మైదానంలో పండుగ నమాజు చేసుకుని వచ్చిన గల్లీ పెద్దలు, చుట్టాలు చాప మీద కూర్చుని ఉన్నారు. అందరి ఒంటిమీదా ఆయన కుట్టిన తెల్ల జుబ్బాలే. ఒక చెంచా నోట్లో పెట్టుకుని తలెత్తేసరికి నా ఎదురుగా కూర్చున్నాయన భుజం మీద కుట్టు కనిపించింది. తెల్ల గుడ్డ మీద గంధం రంగు దారం. పక్కాయన మెడపట్టీకీ అదే దారం, కాజాలకూ అదే. గది అంతా చూశాను. ఒక్క జుబ్బా కూడా తెల్లదారంతో కుట్టింది లేదు.

నాకు వెంటనే అర్థమైంది. చిక్కబడిన గింజ తర్వాత తర్వాత పసుపు తిరుగుతుంది, ఇంకా ముదిరితే తేనె రంగుకు వస్తుంది. ఆ కంటిలోంచి చూసినవాడికి తెలుపూ లేతపసుపూ ఒకటే. మెల్లమెల్లగా వస్తుంది కాబట్టి తన కళ్లలోనే రంగు ఉందని మనిషికి తెలియదు.

బుడాన్ సాబ్ అప్పుడే అందరికీ వినపడేలా, ఈసారి పండుగ బట్టలన్నీ అద్దాలు లేకుండానే కుట్టానని, అదంతా మేడం దయ అని చెబుతున్నాడు. చాప మీద కూర్చున్నవాళ్లు తలూపుతూ గిన్నెల్లోకి చూస్తున్నారు. ఒకాయన తన భుజం మీది కుట్టు కనబడకుండా రుమాలు సర్దుకున్నాడు. ఆ మనిషి మర్యాదకు నాకు కన్నీళ్లొచ్చినంత పనైంది, కోపమూ వచ్చింది. వీళ్లెవరూ ఆయనకు చెప్పరు. చెప్పాలంటే చూపు తిరిగొచ్చిందన్న మాట అబద్ధమనాలి. ఆ మాటతో నా పేరు ముడిపడి ఉంది. ఊరు నాకు కప్పిన శాలువా వీళ్ల నోళ్లు మూసింది. ఆ గదిలో తల ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

గిన్నె లోపల పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్లాను. చాంద్‌బీ నాకోసమే చూస్తున్నట్టుంది.

“మీరు జూసిండ్రు గద మేడం. నేను తెల్ల దారం ఉండలు ఏరి మిషను కాడ పెట్టేదాన్ని. పండుగ గడబిడల అన్నీ గలిసిపోయినయి. మూడు జతలు ఇంటికి పోయినంక నాకెర్కయింది. గప్పుడు చెప్తే మిగిలినయి కుట్టడు, పండుగకు ఎవలకూ బట్టలుండయి. ఇప్పుడెట్ల జెప్పాలె?”

దవాఖానకు తీసుకురమ్మన్నాను. జనం లేని వేళ చూసి తీసుకురమ్మన్నాను.

ఆయనకు చూపించడానికి బిస్కెట్లు పోసుకునే చదరపు గాజు సీసా ఒకటి సంపాదించి, అడుగున చక్కెర పోసి, మీద మెల్లగా నీళ్లు పోసి రెండు రోజులు కదపకుండా ఉంచాను. చక్కెర కరిగి అడుగున పాకం, పైకి పోయేకొద్దీ పలచన, పైన మంచినీళ్లు. అందులో ఒక పాలచుక్క వేస్తే వెలుగు దారి కనబడుతుంది. జాతరలో పిల్లలకు అమ్మే ఎర్ర లేజరు బొమ్మ ఒకటి తెచ్చాను. బుడాన్ సాబ్ వచ్చి కూర్చున్నాక గది తలుపు వేసి, లేజరును సీసా పక్క నుంచి అడ్డంగా కొట్టాను. ఎర్ర గీత తిన్నగా పోలేదు, పాకంవైపు విల్లులా ఒంగింది. ఆయన బల్ల మీదికి వంగి చాలాసేపు చూశాడు. మీ కంటి నడుమ ఇలా పాకం ముదిరింది, అందుకే దగ్గరి చూపు వచ్చింది, మందు వల్ల కాదు అని చెప్పాను. ఈసారి నవ్వలేదు.

“పాకం ముదిరితే రంగు మారుతది గద మేడం” అన్నాడు.

తెల్లదీ గంధం రంగుదీ రెండు దారపు ఉండలు బల్ల మీద పెట్టి, తెల్లది ఏదో తీయమన్నాను. రెండూ చేతిలోకి తీసుకున్నాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పట్టుకుని చూశాడు.

“రెండూ తెల్లయే గద.”

చాంద్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. ముసలి దర్జీని తెల్లదారం ఏదని ఎవరూ ఊరికే అడగరు. ఆయన భార్య వీపు చూశాడు, నన్ను చూశాడు, ఉండలు బల్ల మీద పెట్టాడు. పండుగ బట్టలేనా అని అడిగాడు. అవునన్నాను. ఎన్ని అని అడిగాడు. చాంద్‌బీ తిరగకుండానే, అన్నీ అంది. ఆయన మెడలోని టేపు తీసి చుట్టి జేబులో వేసుకున్నాడు. ఆ పని చేస్తున్నంతసేపూ నా మొహం చూడలేదు.

మరునాటి నుంచి దుకాణం మూతపడింది. శుక్రవారం నమాజుకు కూడా బయటికి రాలేదని విన్నాను. ఆపరేషన్‌కు మాత్రం ఒప్పుకున్నాడు. వనపర్తిలో సర్జన్‌గారికి చూపిస్తే, గింజ గట్టిపడింది, ఇంకా ఆగితే కోత పెద్దదవుతుందన్నారు. కుడికన్ను ముందు చేయాలని నిర్ణయించారు. నల్ల కాన్వాసు సంచీలో రెండు జతల బట్టలతో భార్యాభర్తలు చేరారు. మా శాఖ నియమం ప్రకారం పంపిన రోగి వెంట ఉండి కట్టు విప్పే దాకా చూసుకోవాలి కాబట్టి నేనూ వెళ్లాను.

ఆపరేషన్‌లో చిక్కబడిన కటకాన్ని తీసేసి ప్లాస్టిక్ కటకం పెడతారు. అది నడుమా అంచూ ఒకే రకం. అందులో పొరలు లేవు. దూరపు చూపు తేటగా వస్తుంది, దగ్గరి పనికి మళ్లీ ప్లస్ అద్దాలు తప్పవు. ఇది ఆయనకు ముందే చెప్పాను. ఫరవాలేదన్నాడు.

మరునాడు పొద్దున సిస్టరు కట్టు విప్పింది. ఆయన మొదట కిటికీ చూశాడు, చాంద్‌బీని చూశాడు. తర్వాత మోకాళ్ల మీద పెట్టుకున్న తన చేతులు చూసుకుని ఆగిపోయాడు. ఒంటిమీద ఉన్నది ఆయన తనకోసం కుట్టుకున్న పండుగ జుబ్బానే. కొంచెం దూరం కావాలని ఒక చేతిని ముందుకు చాపి, మణికట్టు దగ్గరి కుట్టు చూశాడు. ఎడమకన్ను మూసి చూశాడు. కుడికన్ను మూసి చూశాడు. మళ్లీ ఎడమది మూశాడు. ఒక కంట్లో కొత్త కటకం, ఒక కంట్లో తేనె రంగు పాతది. కొత్తదానికి కుట్టు రంగు విడిగా కనిపిస్తోంది, పాతదానికి లేదు.

“అంటే ఈద్గాల ఉన్నోల్లంతా ఈ కంటితోనే జూసిండ్రు” అన్నాడు, కొత్త కంటి కింద వేలు పెట్టి.

సర్జన్‌గారు వచ్చి, చార్టు చూపించి, ఆరు బై తొమ్మిది, చాలా బాగుంది అన్నారు. బాగుందనే కేసు షీటులో రాశాం. చాంద్‌బీ సంచీలోంచి రెండో జత తీసింది, అదీ అదే దారంతో కుట్టినదే. తిరిగి లోపల పెట్టేసింది. ఆ జుబ్బా తీయించి వార్డు చొక్కా వేయించి ఉంటే పోయేదని అప్పుడు తట్టింది. పదిహేనేళ్లుగా కట్లు విప్పిస్తున్న నాకు ఆ చిన్న సంగతి తట్టకపోవడం సిగ్గుగా ఉండింది, ఇప్పటికీ ఉంది.

నెల దాటాక దుకాణం తెరిచాడు. దగ్గరి అద్దాలు మళ్లీ ముక్కు మీదికి వచ్చాయి. తెల్లదారం పెట్టెడు తెప్పించి, పండుగ బట్టలు తెస్తే కుట్లు విప్పి ఊరికే మళ్లీ కుట్టి ఇస్తానని ఇంటింటికీ చెప్పి పంపాడు. ఒక్కరు కూడా తేలేదు. ఒకరు చినిగిపోయిందన్నారు, ఒకరు మక్తల్ అల్లుడికి ఇచ్చామన్నారు. చాప మీద రుమాలు సర్దుకున్న పెద్దమనిషి నాతో మాట్లాడుతూ, “మాకైతే మంచిగనే ఉన్నయి మేడం, ఆయనెందుకు పరేషాన్ అయితుండు” అన్నాడు. ఆయన అబద్ధమాడుతున్నాడని ఆయనకూ నాకూ తెలుసు. ఒక్క జతైనా తెచ్చి ఇచ్చి ఉంటే బుడాన్ సాబ్ తలెత్తుకునేవాడు. ఆ మాట ఎంత చెప్పినా వాళ్లకు ఎక్కలేదు. పెద్దాయన చేతి పనికి వంక పెట్టామన్న పేరు ఎవరికీ వద్దు. పెట్టెలో దారం అలాగే ఉండిపోయింది.

మరుసటి ఏడు ఎడమకంటి ఆపరేషన్ సంగతి నేనే ఎత్తాను. దుకాణానికి వెళ్లి, గింజ ఇంకా గట్టిపడితే కష్టమవుతుందని చెప్పాను. కత్తెర పక్కన పెట్టి విన్నాడు.

“దాన్ని గట్లనే ఉండనియ్యుండ్రి మేడం. ఆ కంటికి నేను కుట్టినయన్నీ మంచిగనే ఉన్నయి.”

తర్వాత రెండుసార్లు అడిగాను, జవాబు మారలేదు. రోగి నిరాకరించారని రాసి సర్జన్‌గారికి తెలియజేశాను. 2008లో నాకు గద్వాలకు బదిలీ అయ్యేదాకా ఆయన ఆపరేషన్ అయిన ఆ ఒక్క కంటితోనే కుట్టాడు.

శుక్లం తీస్తే చూపు వస్తుందని ఉద్యోగమంతా జనానికి చెప్పాను. వచ్చిన చూపుతో మనిషి మొదట ఏం చూస్తాడో ముందే తెలుసుకోవడం కూడా మా పనేనని నాకు శిక్షణలో ఎవరూ చెప్పలేదు, వనపర్తి వార్డులో తెలిసింది. ఆ తర్వాత పదవీ విరమణ దాకా, కట్టు విప్పే ముందు రోగి ఒంటిమీద ఏముందో, ఎదురుగా ఎవరు కూర్చున్నారో చూడనిదే సిస్టరును కట్టు ముట్టుకోనివ్వలేదు.